పై వాటాలో మరక

'ఈ ఇల్లు అమ్మబడును' అన్న రేకు బోర్డు తగిలించడానికి బ్రోకరు దగ్గర మేకులు లేవు. మెట్ల కింద నిచ్చెన సర్దుకుంటున్న రంగుల మేస్త్రిని అడిగాడు. మేస్త్రి డబ్బాలో వెతికి మేకులు తీసిచ్చాడు. సుత్తి కూడా ఇచ్చాడు. బ్రోకరు మొదటి దెబ్బకే వేలు చితక్కొట్టుకుని నోట్లో పెట్టుకునేసరికి, "ఇటివ్వండి సార్" అని బోర్డు అందుకుని తానే కొట్టాడు. కొట్టాక కాస్త వెనక్కి జరిగి, వంకరగా ఉందేమోనని చూసి, ఎడమ పక్క కొంచెం పైకెత్తాడు. అప్పుడుగానీ దాని మీద ఏం రాసి ఉందో అతని బుర్రకెక్కలేదు.

"ఏ ఇల్లు సార్?" అన్నాడు.

"ఇదే" అన్నాడు బ్రోకరు, వేలు ఊదుకుంటూ.

ఆ వీధిలో ఇళ్ళన్నీ అలాంటివే. రెండు పక్కలా గోడలు కలిసిపోయి, కిక్కిరిసిన బస్సులో ఊపిరి బిగబట్టి నిలబడ్డ మనుషుల్లా సన్నగా పైకి లేచిన మూడంతస్తులు. అంతస్తుకొక వాటా. ముగ్గురికీ కలిపి ఒకటే మెట్లదారి. వీధిలో దుకాణాల పేర్లు నాలుగైదు లిపుల్లో ఉంటాయి. మంగలి షాపులో ఒక భాష, కూరగాయల కొట్లో ఇంకొక భాష. చెత్తబండి ఆలస్యమైనప్పుడు తిట్టుకోవడానికి మాత్రం అందరూ అన్ని భాషలూ వాడతారు. ఈ ఇంట్లో కింద వాటా వాచీలు బాగుచేసే ముసలాయనది. ముందు గదిలోనే కొట్టు పెట్టుకున్నాడు. చెవులు సరిగా వినపడవు. మధ్య వాటాలో మేస్త్రి, అతని భార్య. పై వాటాలో సిటీ బస్సు డ్రైవరు, అతని భార్య, ముగ్గురు పిల్లలు. వాళ్ళది వేరే దేశం. డ్రైవరు భార్య తనకొచ్చిన కాస్త తెలుగూ ఈ మెట్ల మీద కూర్చుని మేస్త్రి భార్య దగ్గర నేర్చుకుంది. ఆడా మగా తేడా మాత్రం ఆమెకు ఇంకా పట్టుబడలేదు.

"అందర్నీ ఖాళీ చెయ్యమంటారా సార్?" అన్నాడు మేస్త్రి.

బ్రోకరు ముసలాయన కొట్టు వైపు ఓసారి చూసి గొంతు తగ్గించాడు. ముసలాయన ముందు గొంతు తగ్గించాల్సిన పనేమీ లేదు.

"చూడు మేస్త్రీ. ఇంటాయన అమ్మమన్నాడు, నేను అమ్ముతున్నాను. కొనేవాళ్ళు ఒక వాటాలో తాముంటారు. మిగతా రెండూ అద్దెకిస్తారు. ఆ రెండిట్లో ఒకటి నీది. పూచీ నాది. సరేనా?"

మూడోది ఎవరిదని మేస్త్రి అడగలేదు.

"కాకపోతే నువ్వొక సాయం చెయ్యాలి" అన్నాడు బ్రోకరు. "మెట్ల గోడలు, కమ్మీలు కాస్త బాగుచెయ్యి. పై వాటాలో ముందు గది కప్పుకి పెద్ద మరకుంది చూశావా, అది కనపడకూడదు."

"మరక కాదు సార్ అది. శ్లాబు కారుతోంది. డాబా మీద వాననీళ్ళు పోయే గొట్టం ఉంది కదా, దాని మూతి చుట్టూ పగిలింది. అక్కడ బాగుచెయ్యకుండా కింద ఎంత రంగేసినా..."

"ఎన్నాళ్ళు ఆగుతుంది?"

"వాన పడేదాకా."

బ్రోకరు ఆకాశంలోకి చూశాడు. ఎండ తెల్లగా, గట్టిగా ఉంది. "చాలు" అన్నాడు.

సాయంత్రం భార్య పని నుంచి వచ్చాక మేస్త్రి ఈ మాట చెప్పాడు. ఆమె ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తుంది. రోజంతా దుప్పట్లు మడతపెట్టే చేతులు ఇంటికొచ్చినా ఊరుకోవు. ఒకసారి మాటల్లో పడి అతను చదువుతున్న పేపరు లాక్కుని నాలుగు మడతలు పెట్టి అలమరలో తువ్వాళ్ళ మీద పెట్టేసింది. ఇప్పుడు దిండు గలేబులు ముందేసుకుని కూర్చుంది.

"రెండు వాటాలుంచుతారట. ఒకటి మనది" అన్నాడు.

"రెండోది?"

"ముసలాయనకి కొట్టుంది కదా. ఆయన్నెవరు కదుపుతారు?"

"అంటే పైవాళ్ళు పోవాలి."

"అలాగని ఎవరన్నారు? కొనేవాళ్ళ ఇష్టం."

ఆమె గలేబు అంచులు రెండూ కలిపి, గోటితో మడత నొక్కింది. అన్నం వడ్డించాక అంది.

"మనమేమన్నా పొమ్మన్నామా? నీ భుజం నొప్పితో ఆ నిచ్చెనా ఆ డబ్బాలూ మోసుకుని ఎక్కడికని పోతాం? నాకేమో పని పక్క వీధిలోనే. నోరు మూసుకుని చెప్పిన పని చేసి రా."

అతనూ అదే అనుకుంటున్నాడు. అయినా ఆమె నోటి నుంచి వినేసరికి కూర రుచి తెలియలేదు.

మర్నాడు నిచ్చెన పైకి చేర్చేసరికి భుజం కలుక్కుమంది. డ్రైవరు తెల్లవారుజాము డ్యూటీ దిగి వచ్చి లోపలి గదిలో పడుకున్నాడు. అతని భార్య అప్పటికే ముందు గదిలో మంచం గోడకి చేర్చి, సామాను మీద పాత దుప్పట్లు కప్పి ఉంచింది. చంకలో చంటిది. మిగతా ఇద్దరు కవలలు, నిచ్చెన చూసి గోడకి ఆనుకుని నిలబడ్డారు.

"అన్నా, టీ తాగు. తర్వాత ఎక్కు" అంది. అతను గ్లాసు అందుకున్నాక అడిగింది. "ఇంటాయన పంపించింది?"

"ఆ. ఇంటాయనే."

"మంచిది. మేము చాలా అడిగాం. ఫోన్ చేస్తాం, తియ్యదు. ఫోన్ చేస్తాం, తియ్యదు. వాన వచ్చాడు అంటే రాత్రంతా బకెట్లు పెట్టాలి. పిల్లలు నిద్ర లేదు." ఆమె నవ్వింది. "ఇప్పుడు ఇంటాయనకి గుర్తొచ్చింది. డాబా మీద కూడా చేస్తావా అన్నా?"

"ముందు లోపల కానీ" అన్నాడు మేస్త్రి గ్లాసులోకి చూస్తూ.

బోర్డు సంగతి ఆమెకు తెలుసు. ఇల్లు చేతులు మారుతుందని తెలుసు. మారేది ఇంటాయన ఒక్కడేనని ఆమె అనుకుంటున్నట్టు అతనికి అర్థమైంది.

మరక కిటికీ పక్క మూలన మొదలై గది మధ్యదాకా వచ్చింది. అంచుల్లో ముదురు గోధుమ రంగు, మధ్యలో పసుపు. ఒక వాన వెలిసి ఇంకొక వాన వచ్చినప్పుడల్లా అంచు కాస్త ముందుకు జరిగి, చెట్టు మానులో వలయాల్లా గీతలు పడ్డాయి. పిల్లలకి అది గుర్రం. తోక కిటికీ వైపు, తల గది మధ్యకి. అతను బ్లేడు పెట్టి పెచ్చులు గీకుతుంటే మొదట గుర్రం కాళ్ళు ఊడి కింద పడ్డాయి. కవలల్లో ఒకడు ఏడుపు లంకించుకున్నాడు. తల్లి వాళ్ళ భాషలో ఏదో చెప్పి లోపలికి తీసుకుపోయింది.

పెచ్చులు ఊడినచోట సిమెంటు మీద తెల్లగా ఉప్పు పూసి ఉంది. వేలితో రుద్దితే పొడి రాలింది. దాన్ని ఇనుప బ్రష్షుతో దులిపి, చెమ్మ పైకి తెలియకుండా ఆపే ప్రైమరు పట్టించాడు. ఆరాక గుంటలు పూడ్చే లప్పం పెట్టాడు. లప్పం మీద గరుకు కాగితం రుద్దుతుంటే తెల్ల పొడి కనురెప్పల మీద, మీసం మీద పడింది. మరక ఉన్నచోట మాత్రమే రంగేస్తే అతుకు తెలిసిపోతుంది. అందుకని గది కప్పు మొత్తం వెయ్యాలి. కుడి చెయ్యి పైకి లేవనన్నప్పుడు ఎడమ చేత్తో మోచెయ్యి కింద ఊతమిచ్చి రోలరు తిప్పాడు. మొదటి పూత మీద గుర్రం మెడ లీలగా కనిపించింది. రెండో పూతకి పోయింది. పని చెడగొట్టి చెయ్యడం అతనికి చేతకాదు. ఎక్కడ మొదలుపెట్టాడో ఎక్కడ ఆపాడో తనకే తెలియనంత సమంగా వచ్చింది.

డ్రైవరు లేచి వచ్చి కళ్ళు నులుముకుంటూ పైకి చూశాడు. అతను మాట్లాడే మనిషి కాదు. మేస్త్రి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"ఇంక వాన లోపలికి రాడు?" అంది అతని భార్య.

మేస్త్రి రోలరు కడుక్కుంటున్నాడు. కొళాయి కింద తెల్లనీళ్ళు ఎంతకీ తేటబడటం లేదు.

"రాదులే అమ్మా" అన్నాడు.

ఇల్లు చూడటానికి ఇద్దరు అక్కచెల్లెళ్ళు వచ్చారు. పెద్దావిడ బళ్ళో లెక్కలు చెబుతుంది. చిన్నావిడకి మందుల షాపులో ఉద్యోగం. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదో, అయి మిగల్లేదో మేస్త్రికి తెలియదు. ఎన్నో ఏళ్ళు అద్దె ఇళ్ళల్లో గడిపినవాళ్ళని మాత్రం నడకలోనే తెలిసిపోయింది. తలుపు తోసేముందు వేలితో తట్టారు. అడక్కుండా ఏ స్విచ్చీ వెయ్యలేదు. కొళాయి తిప్పి చూడమని బ్రోకరు రెండుసార్లు చెప్పాక టీచరమ్మ కాస్తంత తిప్పి, నీళ్ళు వృథా అవుతాయన్నట్టు వెంటనే కట్టేసింది.

ముసలాయన వాళ్ళని వాచీ బాగుచేయించుకోవడానికి వచ్చిన బేరమనుకున్నాడు. చెయ్యి చాచి, "ఇవ్వండి, ఆగిందా, ఆలస్యమవుతోందా?" అన్నాడు. టీచరమ్మ కాసేపు తటపటాయించి, తన చేతి వాచీ విప్పి ఇచ్చింది. అది శుభ్రంగా నడుస్తోంది. ముసలాయన మూత తీసి చూసి, నూనె చుక్క వేసి ఇచ్చాడు.

మధ్య వాటాలో మేస్త్రి భార్య లేదు, పనికి పోయింది. గోడలు, తలుపులు, వంటగట్టు అన్నీ తడిగుడ్డతో తుడిచి వెళ్ళింది. టీచరమ్మ కిటికీ తలుపు రంగు మీద వేలు రాసి, "ఎంత నున్నగా ఉందో" అంది. చిన్నావిడ మాత్రం, "పగలే లైటు వేసుకోవాలక్కా" అంది. నిజమే. ఎదుటి మేడ నీడ మధ్య వాటా మీద పడుతుంది.

"పైన చూడండి ఒకసారి" అన్నాడు బ్రోకరు. మేస్త్రిని కూడా రమ్మన్నాడు. ఇంటిని కనిపెట్టుకుని ఉండే మనిషని చూపించుకోవడానికి.

పిల్లల్ని పార్కుకి పంపెయ్యమని బ్రోకరు ముందే చెప్పాడు. డ్రైవరు తీసుకుపోయాడు. అతని భార్య మాత్రం చంటిదాన్నెత్తుకుని, కాస్త మంచి బట్టలు కట్టుకుని, వచ్చినవాళ్ళకి గ్లాసుల్లో మంచినీళ్ళు పోసి ఎదురు చూస్తోంది. ఇంటికి కొత్త యజమానులొస్తున్నారు, మర్యాదగా ఉండాలి కదా అనుకుందేమో.

ముందు గదిలో ఎండ కిటికీలోంచి పడి, నేల మీంచి కప్పు మీదికి లేచింది. గది గదంతా వెలిగిపోతోంది. చిన్నావిడ తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, అలాగే నిలబడిపోయింది.

"అక్కా, ఇది" అంది.

టీచరమ్మ కూడా పైకి చూసింది. "ఎంత తెల్లగా ఉందో" అంది. తర్వాత డాబా మీదికి వెళ్ళే తలుపు చూసి, కుండీలు పెట్టుకోవచ్చని అంది. వెనక్కి తిరిగి, గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆమెను మెల్లగా అడిగింది. "మీరెంతమంది ఉంటారమ్మా ఇక్కడ?"

"అయిదు" అంది డ్రైవరు భార్య, గర్వంగా. "ఇదే చిన్నాడు." చంకలో ఆడపిల్ల నవ్వింది.

టీచరమ్మ నీళ్ళు తాగి గ్లాసు తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె ముఖంలోకి చూడలేకపోయింది. మేస్త్రి కూడా ఆ పక్కకి చూడలేదు. తను వేసిన కప్పు కేసే చూస్తున్నాడు. వెతికినా ఎక్కడా వంక దొరకలేదు.

ఆ సాయంత్రమే బ్రోకరు పైకి వెళ్ళి మాట్లాడి దిగాడు. దిగేటప్పుడు మేస్త్రి తలుపు దగ్గర ఆగి బొటనవేలు పైకెత్తి చూపించాడు. అది మొన్న చితక్కొట్టుకున్న వేలే. గోరు నల్లబడి ఉంది. నీకేం భయం లేదని చెప్పడం. మేస్త్రికి గుండెల మీంచి బరువు దిగిన మాట నిజం. దిగిన బరువు దిగినట్టే ఉండకుండా ఇంకెక్కడో చేరింది.

కాసేపటికి డ్రైవరు భార్య వచ్చి తలుపు దగ్గర నిలబడింది. ఏడ్చినట్టు కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, నీ లాండ్రీలో ఖాళీ పెట్టెలు ఉంటాడా? పెద్దవి."

"ఉంటాయి. తెస్తాను" అంది మేస్త్రి భార్య.

"ఉంటాయి" అని ఆమె సరిగా పలికి, పైకి వెళ్ళిపోయింది.

ఇళ్ళ వేట మొదలైంది. డ్రైవరు డ్యూటీ దిగి, ఆ యూనిఫారంలోనే తిరిగేవాడు. ఫోనులో అడిగితే ఇల్లు ఖాళీగా ఉందనేవాళ్ళు. మనిషి ఎదురుగా వెళ్ళి నిలబడేసరికి ఇప్పుడే ఎవరికో ఇచ్చేశామనేవాళ్ళు. ఒకచోట పిల్లలెక్కువన్నారు. ఒకచోట మీ వంట వాసన పడదన్నారు. ఇంకొకచోట ఏ కారణమూ చెప్పలేదు, గేటే తియ్యలేదు. ఇవన్నీ మేస్త్రి భార్య చెబితేనే అతనికి తెలుస్తున్నాయి. పైవాళ్ళు ఎదురైతే అతను డబ్బా మూత తియ్యడంలోనో బ్రష్షు విదల్చడంలోనో పడిపోతున్నాడు.

ఒక సాయంత్రం మేస్త్రి భార్య కూడా ఆమె వెంట వెళ్ళింది. మాట సాయానికి. తిరిగొచ్చేసరికి చీకటి పడింది. చెప్పులు కూడా విప్పకుండా గడపలో కూలబడింది.

"ఏమైంది?"

"ఇల్లు బాగానే ఉంది. ఇవ్వనన్నాడు."

"ఎందుకట?"

"ఎందుకంటే ఏం చెబుతాడు?" అని లేచి వంటింట్లోకి పోయింది. ఆ రాత్రి మడతపెట్టాల్సిన బట్టలు కుర్చీలో కుప్పగా అలాగే ఉండిపోయాయి.

సెలవురోజున టీచరమ్మ ఒక్కతే వచ్చింది. కొలతల టేపు తెచ్చుకుంది. మేస్త్రి మెట్ల కమ్మీకి నల్లరంగు వేస్తున్నాడు. ఆమె పైకి వెళ్ళి గదులు కొలుచుకుని, దిగి వచ్చి, తడి రంగు తగలకుండా చీర కుచ్చెళ్ళు ఒడిసిపట్టుకుని అతని పక్క మెట్టు మీద ఆగింది.

"మేస్త్రి గారూ, ఒక మాట అడుగుతాను. మీరిక్కడే ఉంటున్నారు. రంగులవీ మీ చేత్తోనే వేశారు. మేం తెలుసుకోవాల్సినవి ఏమైనా ఉన్నాయా?"

అతను కమ్మీ మీద బ్రష్షు పైకీ కిందికీ నడిపాడు.

"మా నాన్న ఉంటే ఆయన చూసేవాడు" అంది ఆమె. "గోడ తట్టి చెప్పేవాడు. మా ఇద్దరికీ ఇవేం తెలియవు. ఉన్నదంతా ఊడ్చి దీని మీద పెడుతున్నాం. పైగా ఒక కుటుంబాన్ని లేపి మేం చేరుతున్నాం. ఆ పాపానికి తోడు మోసపోతే ఇక..." అని ఆగిపోయింది.

చెప్పాల్సిన మాట అతని నాలుక చివరే ఉంది. కష్టమైన మాట కూడా కాదు. పైన కారుతుందమ్మా, అంతే. ఆ ముక్క అంటే ఈవిడ పై వాటా వద్దంటుంది. వద్దంటే మిగిలేది మధ్య వాటా. అంత తిన్నగా, మెట్లు దిగినంత సులువుగా దిగొస్తుంది ఆ మాట తన ఇంట్లోకి.

"ఏం లేదమ్మా" అన్నాడు. "పాత ఇల్లు. పాత ఇంటికుండేవే."

"అంతేనా?"

"అంతే."

ఆమె తల ఊపి, కాస్త తేలికపడ్డట్టు నవ్వి, దిగి వెళ్ళిపోయింది. కమ్మీ మీద ఒకచోట రంగెక్కువై చుక్క కిందికి జారింది. మామూలుగా అయితే వెంటనే బ్రష్షు చివరతో అందుకునేవాడు. దాన్ని అలాగే చూస్తూ కూర్చున్నాడు. అది సగం దూరం జారి గట్టిపడిపోయింది.

ఆ తర్వాత రెండు మూడు రోజులకి బ్రోకరు వచ్చాడు. మెట్లెక్కే చప్పుడుకే అర్థమైంది మనిషి కోపంగా ఉన్నాడని. ముందు పైకి పోయాడు. పైన అతని గొంతు గట్టిగా వినపడింది. తర్వాత కిందికి దిగి మేస్త్రి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరు చెప్పారు?"

"ఏంటి సార్?"

"డాబా సంగతి. చెమ్మ సంగతి. వాళ్ళకన్నీ తెలుసు. గొట్టం మూతితో సహా తెలుసు. బాగుచేయించి ఇస్తేనే కొంటామన్నారు. ఇంటాయన నామీద పడ్డాడు, కప్పేసి అమ్మమని నేనన్నానా అని. బాగుచేసినా సరే, వాళ్ళకిప్పుడు పై వాటా వద్దట. నీ వాటా కావాలట. పైవాళ్ళు ఉంటారు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వే చెప్పుంటే మాత్రం మేస్త్రీ, నీ కాళ్ళ మీద నువ్వే గొడ్డలేసుకున్నావు. నేను చేసేదేం లేదు."

"నేను చెప్పలేదు సార్" అన్నాడు మేస్త్రి. ఈ మాట నిజం. ఆ నిజం నోట్లో చేదుగా ఉంది.

బ్రోకరు వెళ్ళాక అతనికి ఒళ్ళు మండింది. పైన ఆవిడే చెప్పి ఉంటుంది. కప్పు తట్టి చూసిందో, ఎవర్నో అడిగిందో. తనకి టీ ఇచ్చి, అన్నా అంటూనే. రెండేసి మెట్లెక్కి తలుపు తట్టాడు.

ఆమె తలుపు తీసి, అతన్ని చూసి, అతని రంగు చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకుంది. లోపల సగం సర్దిన అట్టపెట్టెలు కనపడుతున్నాయి. కవలలు ఒక పెట్టెలో కూర్చుని బస్సు నడుపుతున్నారు.

"అన్నా, నువ్వు చెప్పింది. నాకు తెలుసు" అంది. "ఆ మనిషి ఇక్కడ అరిచింది, అప్పుడే తెలిసింది. నీ ఇల్లు పోతుంది కదా అన్నా. ఎందుకు చెప్పింది?"

మేస్త్రికి చెయ్యి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేకపోయాడు.

"నేను కాదమ్మా" అన్నాడు.

ఆమె నమ్మలేదు. మంచివాళ్ళు అలాగే అంటారన్నట్టు తల అడ్డంగా ఊపి ఏడుస్తూ నవ్వింది.

సాయంత్రం దాకా అతను ఇంట్లోనే కూర్చున్నాడు. భార్య వచ్చి, సంచి కొక్కేనికి తగిలించి, అందులోంచి భుజానికి రాసే మందు గొట్టం తీసి అతని ముందు పెట్టింది.

"చొక్కా విప్పు" అంది.

అతను విప్పాడు. ఆమె వెనక కూర్చుని మందు రాయడం మొదలుపెట్టింది.

"బ్రోకరు వచ్చాడు" అన్నాడు.

"వస్తాడనుకున్నాను."

ఆ మాటకి అతను వెనక్కి తిరగబోయాడు. ఆమె భుజం పట్టుకుని కదలనివ్వలేదు.

"టీచరమ్మ చెల్లెలి షాపు మా ఆస్పత్రి ఎదురుగానే" అంది. "ఈ మందు కొనడానికి మొన్న వెళ్ళాను. చెప్పేశాను."

"నోరు మూసుకోమన్నది నువ్వే."

"నీ నోరు మూసుకోమన్నాను. నా నోటి సంగతి నేనేం అనలేదు."

మందు మొదట చల్లగా ఉండి, తర్వాత మంట మొదలైంది.

"ఆ రోజు ఇల్లు చూడటానికి వెళ్ళామే" అంది ఆమె, ఇంకాస్త మందు వేళ్ళకి తీసుకుని. "ఇవ్వనన్నాడని చెప్పాను కదా. ఇవ్వనన్నది వాళ్ళకి. నన్ను పక్కకి పిలిచి, వాళ్ళకైతే కుదరదమ్మా, మీకైతే చెప్పండి, రేపే తాళాలిస్తాను అన్నాడు. ఆమె గేటు బయటే నిలబడి చూస్తోంది. నేను ఇంతసేపు మాట్లాడుతున్నానంటే బేరం కుదురుతోందనుకుంది. నావైపు చూసి నవ్వుతోంది. చంటిదాని చేత చెయ్యి ఊపిస్తోంది." వేళ్ళు భుజం మీద ఆగాయి. "మనకెక్కడికెళ్ళినా ఇస్తారు. నిచ్చెన ఉంటే గొణుగుతారు, డబ్బాలుంటే గొణుగుతారు, గొణిగి ఇస్తారు. వాళ్ళకివ్వరు. అంతకంటే నాకు లెక్కలు రావు."

"నాతో ఓ మాటైనా చెప్పాల్సింది."

"చెబితే వద్దనేవాడివి. వద్దన్నాక చెయ్యడం కంటే చెప్పకుండా చెయ్యడం నయం కాదూ?"

కింద ముసలాయన షట్టరు దింపిన చప్పుడైంది.

"రంగు ఎవరు వేశారో కూడా చెప్పావా?" అన్నాడు మేస్త్రి.

"చెప్పకేం? మా ఆయనే వేశాడు, మంచి పనివాడు, అందుకే మీకు కనపడలేదన్నాను."

అతనికి నవ్వొచ్చింది. నవ్వితే భుజం లాగింది. "నన్నూ అడిగింది ఆ టీచరమ్మ" అన్నాడు. "మెట్ల మీద. ఏం లేదన్నాను."

"తెలుసు. చెల్లెలు చెప్పింది."

ఆమె మందు గొట్టం మూత బిగించి, అతని చొక్కా తీసుకుని, మడత పెట్టబోయి, మళ్ళీ విప్పి అతనికిచ్చింది.

డాబా పని ఇంటాయన ఖర్చు మీదే జరిగింది. మేస్త్రే చేశాడు. గొట్టం మూతి చుట్టూ పగిలిన సిమెంటు కొట్టేసి, కొత్తది పెట్టి, వాలు సరిచేశాడు. డ్రైవరు తన సెలవు రోజున సిమెంటు బస్తా భుజాన వేసుకుని మూడంతస్తులెక్కాడు. ఇద్దరూ రోజంతా పక్కపక్కన పనిచేసి పది మాటలు కూడా అనుకోలేదు. టీచరమ్మ ఒకసారి వచ్చి చూసి వెళ్ళింది. మెట్ల మీద తను అడిగిన మాట గురించి ఎత్తలేదు. మధ్య వాటాకి ఏ రంగైతే వెలుతురు పెరుగుతుందని అడిగింది. అతను చెప్పాడు. చేరేముందు మీరే వేసి పెట్టాలంది. వేస్తానన్నాడు.

ఇప్పుడు ఇళ్ళ వేట వీళ్ళ వంతైంది. ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. ఒకచోట మెట్ల కింద చోటు ఆ ఇంటివాళ్ళ స్కూటరుకే చాలదన్నారు. ఒకచోట రంగు వాసన పడదన్నారు. ఒక ముసలావిడ అన్నిటికీ ఒప్పుకుంది కానీ వంటిల్లు చూస్తే ఇద్దరు మనుషులు ఒకేసారి నిలబడలేరు. మధ్యాహ్నం తిరిగేసరికి మేస్త్రి భార్య ఒక కాలు ఈడ్చి వేస్తోంది. అయినా ఒక వీధి దగ్గర, ఇటు వద్దు, చుట్టు తిరిగి పోదామంది. చుట్టు చాలా ఎక్కువని మేస్త్రే ఆ వీధిలోకి తీసుకుపోయాడు.

సగం దూరం వెళ్ళాక ఒక గేటు దగ్గర కుండీలకి నీళ్ళు పోస్తున్న పెద్దమనిషి చెంబు పట్టుకునే ఆగిపోయాడు.

"అమ్మా, మీరే కదూ. ఆ రోజు వచ్చారు."

ఆమె నిలబడింది.

"ఇంకా ఎవరికీ ఇవ్వలేదండీ" అన్నాడాయన మేస్త్రి వైపు తిరిగి. "మనుషుల్ని చూసిగానీ ఇవ్వను నేను. రండి, చూడండి. నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి."

ముందు చిన్న వసారా ఉంది. నీడగా ఉంది. వసారాలో రెండు కుర్చీలు. లోపల తలుపు తీసి ఉంటే, వెనక పెరటిదాకా గాలి తగులుతూ గదులన్నీ ఒకే వరసలో కనపడ్డాయి. గోడలకి ఈ మధ్యే సున్నం కొట్టారు, అంత మంచి పని కాదు కానీ ఫరవాలేదు. ఏ ఇల్లో మేస్త్రికి ఇంకా తెలియలేదు. పొద్దుటి నుంచీ చూసినవాటన్నిట్లో ఇదే మేలనిపించింది. భార్య కాలు కేసి చూశాడు.

"ఆ రోజు మీతో వచ్చిందే, పిల్లనెత్తుకుని" అన్నాడు పెద్దమనిషి. "ఆవిడకి ఎక్కడైనా దొరికిందా?"

"దొరికిందండీ. మంచి ఇల్లు" అంది మేస్త్రి భార్య. "ఇంకా మాకే దొరకాలి."

"మరి లోపలికి రండమ్మా, ఎండలో ఎందుకు? కూర్చోండి, మంచినీళ్ళు తాగుదురు గాని."

మేస్త్రి గేటు దాటి, వసారా మెట్టు దగ్గర వంగి చెప్పు బెల్టు మీద చెయ్యి వేశాడు.

"విప్పకు" అంది ఆమె వెనక నుంచి.

అతను వంగినవాడు వంగినట్టే తల తిప్పి చూశాడు. ఆమె గేటు అవతలే నిలబడి ఉంది. సరిగ్గా గేటు పక్కన, రోడ్డు మీద, చంకలో పిల్లతో ఒక మనిషి నిలబడి లోపలికి చూస్తూ నవ్వడానికి ఎంత చోటు కావాలో అంత చోటులో. అతనికి అప్పుడర్థమైంది. మెల్లగా లేచి నిలబడ్డాడు.

"ఏమైందండీ?" అన్నాడు పెద్దమనిషి.

ఏమీ కాలేదన్నట్టు మేస్త్రి చెయ్యి ఊపి బయటికొచ్చాడు. గేటు గడియ తిన్నగా పడలేదు. రెండోసారి జాగ్రత్తగా వేశాడు.

ఇద్దరూ వీధి మలుపు దాకా వచ్చారు. ఆమె అతని మంచి భుజం మీద చెయ్యి వేసి, కాస్త బరువు ఆనించి నడుస్తోంది.

"మంచి ఇల్లే" అన్నాడు మేస్త్రి.

"అవును" అంది ఆమె. "ఆ రోజే అనుకున్నాను."